నీళ్ళు మూసిన రోజు

శుక్రవారం సాయంత్రం అయిదూ ముప్పావు దాటితే ఆ ఈత క్లబ్బులో ఎవరూ ఈదరు. అందరూ మునుగుతారు.

అది మాస్టారు పెట్టిన ఆనవాయితీ. వారమంతా పిల్లల చేత చేతులు పడిపోయేలా ఈదించి, చివరి పావుగంట ఊపిరి పందెం పెడతాడు. లోతు తక్కువ వైపు, పెద్దవాళ్ళకి ఛాతీ దాకా వచ్చే నీళ్ళలో, పిల్లలు తలా ఒక రబ్బరు ఇటుక పట్టుకుని వరసగా నిలబడతారు. "పది ఊపిర్లు! గబగబా! కొలిమి తిత్తిలాగ!" అని మాస్టారు అరుస్తాడు. పిల్లలు బుస్సు బుస్సుమని పదిసార్లు ఊపిరి పీల్చి వదిలి, ఇటుక ఒళ్ళో పెట్టుకుని అడుగున బాసింపట్టు వేస్తారు. అందరికన్నా ఆఖరున లేచినవాళ్ళకి వారం రోజులు ఎర్ర టోపీ. మిగతా అందరివీ నీలం టోపీలే. ఎర్ర టోపీ నెత్తిన ఉంటే వేడినీళ్ళ కుళాయి ముందు వాళ్ళది, పోటీలకి వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు వాళ్ళది.

మెట్ల మీద కూర్చునే తల్లిదండ్రులకి కూడా ఈ ఆటలో ఒక పని ఉంది. గోడ గడియారంలో నిమిషంన్నర దాటాక కూడా ఎవరైనా అడుగున ఉంటే, ముందున్న ఇనప కమ్మీని తాళం చెవులతోనో ఉంగరాలతోనో టంగుటంగుమని వాయించాలి. ఆ చప్పుడు నీళ్ళలోపల చెవిలో గంట కొట్టినట్టు వినపడుతుందట. "నాకు కమ్మీ కొట్టారు తెలుసా!" అని చెప్పుకోవడం ఆ పిల్లలకి మెడల్ కన్నా గొప్ప.

ఎత్తు కుర్చీలో కూర్చునే లైఫ్‌గార్డ్‌ని పిల్లలు ఈలక్క అని పిలుస్తారు. ఇరవై రెండేళ్ళది. మాట తక్కువ. ఈలక్క నోరు మెడలో వేలాడుతుందని పిల్లల వేళాకోళం. గట్టు మీద పరిగెత్తితే ఒక ఈల, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటే ఒక ఈల, అంతే.

ఆమె చేరి మూడు నెలలయింది. మొదటి శుక్రవారమే మాస్టారు దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పింది. "అలా గబగబా ఊపిరి తీయించకూడదు మాస్టారూ. ఊపిరి కావాలని ఒళ్ళు అడగడం ఆలస్యమైపోతుంది. అడిగేలోపే స్పృహ పోతుంది. మాకు శిక్షణలో మొదటి వారమే చెప్పారు."

మాస్టారు ఆమె భుజం మీదుగా మెట్ల వైపు చూసి నవ్వాడు. "అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ నేను నీళ్ళలో ఉన్నా. నీ సర్టిఫికెట్ మీద సిరా ఇంకా ఆరలేదు. వెళ్ళి కుర్చీ ఎక్కు."

ఆమె వెళ్ళి కుర్చీ ఎక్కింది. పదకొండు శుక్రవారాలు ఎక్కి కూర్చుంది, నోరు మూసుకుని. ఆ పదకొండూ తర్వాత ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

పన్నెండో శుక్రవారం అందరూ లేచాక అడుగున ఒక్క పిల్ల మిగిలింది. నత్త.

నత్త పదేళ్ళ పిల్ల, వీధి చివర కుట్టు దుకాణం టైలరమ్మ కూతురు. పేరులోనే ఉంది దాని ఈత. మిగతావాళ్ళు టవళ్ళు చుట్టుకునే వేళకి దానికి ఇంకా సగం కొలను మిగిలి ఉంటుంది. ఈతలో ఎటూ గెలవలేనని దానికి తెలుసు. కదలకుండా కూర్చోవడంలో అయినా గెలవాలని పట్టుబట్టింది.

నిమిషంన్నర దాటింది. మెట్ల మీద కమ్మీ మోగడం మొదలైంది. టైలరమ్మ దుకాణం నుంచి తిన్నగా వచ్చేసినట్టుంది, నడుముకి రిబ్బనుతో కట్టుకున్న కత్తెర అలాగే ఉంది. మూడేళ్ళుగా పక్కవాళ్ళ పిల్లల కోసం కమ్మీ కొట్టిన మనిషి, ఇవాళ తన పిల్ల కోసం ఆ కత్తెర తీసి పూనకం వచ్చినట్టు కొట్టింది. గోడ మీద 'క్లబ్ రికార్డు: రెండు నిమిషాలు' అని రాసి ఉంది. "నత్తా! నత్తా!" అని పిల్లలు ఎగురుతున్నారు.

ఈలక్క చూస్తోంది. నత్త ముక్కు నుంచి బుడగలు రావడం లేదు. అది మామూలే, ఊపిరి బిగబట్టిన పిల్ల బుడగలు వదలదు. కానీ ఇటుక మీద వేళ్ళు విప్పారి ఉన్నాయి. గెలవాలనుకునే పిల్ల ఇటుకని అలా పట్టుకోదు, అనుకుంది. మళ్ళీ, ఇంతమంది చప్పట్లు కొడుతున్నారే, తల్లి కూడా కొడుతోందే, అనుకుంది. ఆ రెండో ఆలోచనకి కొన్ని క్షణాలు పోయాయి. అంతలో ఇటుక నత్త ఒళ్ళోంచి జారింది. దాన్ని పట్టుకోవడానికి చెయ్యి కదల్లేదు.

ఈలక్క కుర్చీ మీంచే దూకింది.

పైకి తెచ్చి గట్టున పడుకోబెట్టేసరికి పిల్ల పెదాలు నేరేడు పండ్లలా ఉన్నాయి. గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. రెండోసారి ఊదగానే నత్త దగ్గి, నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచింది. తెరిచి అన్న మొదటి మాట ఇది: "ఎందుకు లాగేశావక్కా? నేను గెలుస్తున్నాగా!"

మాస్టారు మెడలోని స్టాప్‌వాచ్ నిమిషం యాభై ఎనిమిది దగ్గర ఆపి ఉంది. రికార్డుకి రెండే రెండు సెకన్లు.

"రెండు సెకన్లు ఆగలేకపోయావా తల్లీ?" అని మెట్ల మీంచి ఒక మీసాలాయన ఈలక్క వైపు చూసి తల కొట్టుకున్నాడు. ఆయన కొడుకు అప్పుడు ఎర్ర టోపీలో ఉన్నాడు, అయినా రికార్డు పోయిందని ఆయన బాధ. టైలరమ్మ కూతుర్ని టవల్లో చుట్టి ఒళ్ళోకి లాక్కుని, ఈలక్క వైపు చూసిన చూపు సూదిలా ఉంది.

"డాక్టర్‌కి చూపించండమ్మా, ఇప్పుడే. స్పృహ తప్పింది," అంది ఈలక్క.

"స్పృహా లేదు గిస్పృహా లేదు," అన్నాడు మాస్టారు. "ఈ లైఫ్‌గార్డ్ మీద పడేసరికి పాప బెదిరి నీళ్ళు మింగింది. అమ్మా, మీరేం దిగులు పెట్టుకోకండి. రేపు సాయంత్రం అయిదింటికి పాప ఒక్కదానికే మళ్ళీ పందెం పెడతా. రెండు నిమిషాలు దాటించే పూచీ నాది."

నత్త మొహం మతాబులా వెలిగింది. ఈలక్క ఆ మాటే మళ్ళీ అనుకుంది. రేపు. అదే పది ఊపిర్లు, అదే ఇటుక.

ఆమె తడి బట్టలతోనే వెళ్ళి ప్రమాదాల పుస్తకం తెరిచి జరిగింది జరిగినట్టు రాసింది. తను ఆలస్యం చేసిన క్షణాలు కూడా రాసింది.

గంట తర్వాత కార్యదర్శి ఆఫీసు గదిలోకి పిలిపించాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడే మెత్తని మనిషి. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. పక్కనే మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూడమ్మా, నువ్వు మా ఇంటి ఆడపిల్లలాంటి దానివి. అందుకని మంచిగా చెబుతున్నా. ఈ పేజీ మీద ఒక అడ్డగీత గీసి, 'కంగారుపడి పొరబాటున దూకాను' అని రాసి సంతకం పెట్టెయ్. ఇది పై వాళ్ళ కంటబడితే క్లబ్బు పరువు గంగలో కలుస్తుంది."

"మీ ఇంటి ఆడపిల్ల అడుగున పడుంటే కూడా అడ్డగీత గీస్తారా సార్?"

కార్యదర్శి కళ్ళజోడు ముక్కు మీదికి దిగింది. ఈ పిల్లకి ఇంత నోరుందా అన్నట్టు చూశాడు.

"పెదాలు నీలంగా ఉన్నాయి సార్."

"నీళ్ళలో నానితే ఎవరి పెదాలైనా నీలంగానే ఉంటాయి," అన్నాడు మాస్టారు. "పిల్లనే అడుగు. ఏమీ కాలేదని అదే చెబుతోందిగా!"

ఈలక్క పుస్తకం వంక చూసింది. నిజమే. స్పృహ తప్పినవాళ్ళకి తప్పినట్టు తెలియదు. సాక్ష్యం చెప్పాల్సిన ఒక్క మనిషీ ఏమీ జరగలేదంటోంది.

"రేపు సాయంత్రం లోపు సంతకం పెట్టు," అన్నాడు కార్యదర్శి. "లేదంటే ఎల్లుండి నుంచి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

"రేపంతా నాదేగా సార్, కుర్చీ?"

"ఆఁ, రేపంతా నీదే."

"సరే సార్," అని పుస్తకం మూసి, గీత గీయకుండా బయటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కుట్టు దుకాణానికి వెళ్ళింది. టైలరమ్మ తల ఎత్తలేదు, మిషను తొక్కుతూనే ఉంది. నత్త నేల మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా డబ్బాల్లో వేస్తోంది.

"డాక్టర్‌కి చూపించారా అమ్మా?"

"చూపించాం. నీళ్ళు మింగిందని చెప్పాం. ఛాతీ బాగానే ఉందన్నాడు." మిషను ఆగలేదు. "ఇంకేం కావాలి? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా పిల్ల పేరు పట్టుకుని నలుగురూ అరిచారు. అదీ నీ కళ్ళకి ఆనలేదు."

ఈలక్క గుమ్మంలోనే చెప్పులు విప్పి నత్త పక్కన చతికిలబడింది. ఒక తెల్ల గుండీ తీసి తెల్ల డబ్బాలో వేసింది.

"కోపమా నా మీద?"

"ఊఁ."

"అంతసేపు కింద కూర్చుని ఏం చేస్తావే? విసుగు పుట్టదూ?"

"ఎక్కాలు చదువుకుంటా, మనసులో," అంది నత్త. "పన్నెండో ఎక్కంతో మొదలెడతా. నిన్న పదహారో ఎక్కం దాకా వచ్చేశా. పదహారు మూళ్ళు నలభై ఎనిమిది. అంతలో నువ్వొచ్చి పాడుచేశావ్." కాసేపు గుండీలు ఏరి, గొంతు తగ్గించి మళ్ళీ అంది: "నీ మీదే కాదు, అందరి మీదా కోపమే. అందరికీ కమ్మీ కొడతారు. నాకు మాత్రం ఎవరూ కొట్టలేదు."

మిషను ఆగింది.

"ఏంటే నువ్వనేది?" అంది టైలరమ్మ. "నేనే కొట్టాను కదే, ఈ కత్తెరతో! కత్తెర మొన కూడా వంగింది, ఇదిగో చూడు."

"లేదమ్మా. వినపడలేదు. ఒక్క దెబ్బ కూడా వినపడలేదు. కింద కూర్చుంటే బాగా వినపడుతుంది, పోయిన వారం వేరేవాళ్ళకి కొట్టినప్పుడు నేను పైకి లేచి మళ్ళీ మునిగి విన్నాగా. నత్తకేం కొడతాంలే అని మానేశారనుకున్నా."

టైలరమ్మ కత్తెర వైపు చూసింది. ఒక్క మాట ఎక్కువైనా ఆ తల్లి విరిగిపోయేలా ఉంది. ఈలక్క లేచి చెప్పులు వేసుకుని, "సాయంత్రం అయిదింటికి నీళ్ళు నా చేతిలో ఉంటాయమ్మా," అని మాత్రం చెప్పి వచ్చేసింది.

అయిదింటికి మెట్లు నిండిపోయాయి. రికార్డు పగులుతుందంటే చూడ్డానికి ఎవరికి మోజు ఉండదు! పిల్లలు ఇటుకలు పట్టుకుని గట్టున నిలబడ్డారు, నత్తతో పాటు సరదాకి అందరూ దిగవచ్చని, ఎర్ర టోపీ చేత పట్టుకుని, మాస్టారు అన్నాడు. నత్త మాత్రం ఇంకా రాలేదు.

ఈలక్క కుర్చీ ఎక్కి, ఈల నోట పెట్టి, మూడుసార్లు పొట్టిగా ఊదింది.

కొలను గోడ మీద పెయింటు పెచ్చులూడిన నియమాల బోర్డు ఒకటి ఉంది. అందులో ఆరోది: మూడు పొట్టి ఈలలు వేస్తే నీళ్ళు మూసినట్టు. డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డ్ ఒక పొడుగు ఈల వేసేదాకా ఎవరూ, కోచ్‌తో సహా, దిగకూడదు. ఉరుములు వచ్చినప్పుడో, నీళ్ళలో క్లోరిన్ మందు ఎక్కువ పడినప్పుడో తప్ప ఆ ఈలలు ఎవరూ విని ఎరగరు. పిల్లలు ఆకాశం వైపు చూశారు. ఒక్క మబ్బు లేదు.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు.

"నీళ్ళు మూశాను. ఈ పందెం కోసమైతే తెరవను."

"దిగండ్రా, నేను చెబుతున్నా!"

ఈలక్క కుర్చీ దిగి వచ్చి నిచ్చెన ముందు నిలబడింది. పిల్లల కాళ్ళు కదల్లేదు. వాళ్ళు మూడు నెలలుగా ఆమె ఈలకి అలవాటు పడ్డవాళ్ళు.

"మూసెయ్యడానికి ఇదేమన్నా మీ నాన్న కట్టించిన చెరువా?" అని మీసాలాయన మెట్ల మీంచి లేచాడు.

"కాదు బాబాయ్. మీ అబ్బాయి దిగే నీళ్ళు. అందుకే మూశాను."

"పొగరు చూడు! నిన్నటిదాకా నోట్లో నాలుక లేదు!"

"నిన్నటిదాకా లేకపోవడమే తప్పు బాబాయ్. పదకొండు శుక్రవారాలు తప్పు చేశా. ఇక చెయ్యను."

కార్యదర్శి పరుగున వచ్చాడు, కళ్ళజోడు నుదుటి మీద ఎగురుతోంది. "అమ్మా, ఏంటీ గోల? కుర్చీ పోతుంది, చెబుతున్నా!"

"పోనివ్వండి సార్. ఇవాళ నాదేనని మీరే అన్నారు."

అప్పుడొచ్చింది టైలరమ్మ. కూతురి చెయ్యి పట్టుకుని, దుకాణం బట్టల్లోనే. నత్త ఈత దుస్తుల్లో లేదు. టైలరమ్మ తిన్నగా మాస్టారు దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, మీ మెడలో ఆ స్టాప్‌వాచ్ ఒక్కసారి నొక్కండి. నా కూతురు నిన్న అడుగున చదివిన ఎక్కాలు ఇప్పుడు గట్టున చదువుతుంది. నేను పొద్దుటి నుంచి నాలుగుసార్లు కొలిచా. మీరు కూడా కొలవండి."

"ఇదేం పిచ్చి అమ్మా?"

"నొక్కండి."

మెట్ల మీద అందరూ చూస్తున్నారు. మాస్టారు నొక్కాడు.

"తొందరపడకు, సాగదీయకు," అంది టైలరమ్మ. "కింద ఎలా చదివావో అలాగే, తల్లీ."

నత్త మాస్టారు చేతిలోని ఎర్ర టోపీ చూసింది. కొంచెం సాగదీస్తే చాలు, టోపీ తనదేనని ఆ పిల్లకి తెలియకపోలేదు. కళ్ళు మూసుకుంది. "పన్నెండు ఒకట్లు పన్నెండు, పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు..." ఒకే నడక, మిషను కుట్టు పడుతున్నట్టు. పదమూడో ఎక్కం, పద్నాలుగు, పదిహేను. గట్టున ఇటుకలు పట్టుకున్న పిల్లల పెదాలు కూడా కదలడం మొదలుపెట్టాయి. "పదహారు ఒకట్లు పదహారు, పదహారు రెళ్ళు ముప్పై రెండు, పదహారు మూళ్ళు నలభై ఎనిమిది." ఆగింది. "ఇంతే. తర్వాత అక్క మొహం కనపడింది."

"ఎంతయింది మాస్టారూ?"

మాస్టారు వాచీ వంక చూసుకున్నాడు. పక్కనున్న మీసాలాయన కొడుకు మునివేళ్ళ మీద లేచి చూసి చదివాడు: "ఒకటీ ఇరవై ఏడు."

"నిమిషంన్నరకి మీరంతా కమ్మీ కొట్టారు," అంది టైలరమ్మ మెట్ల వైపు తిరిగి. "అది వినలేదు. దానికి వినపడే స్థితి లేదు. యాభై ఎనిమిదికి ఈ అమ్మాయి పైకి తెచ్చింది. మధ్యలో అరనిమిషం నా పిల్ల ఎక్కడుంది? చెప్పండి మాస్టారూ, ఎక్కడుంది? నా పిల్ల అక్కడ పడి ఉంటే గెలుస్తోందని నేను కత్తెరతో కమ్మీ కొట్టాను!"

మీసాలాయన తన కొడుకు చేతిలోని ఇటుక వంక చూశాడు. వాడు ఎర్ర టోపీ ఎన్ని వారాలు తెచ్చాడో లెక్కపెట్టుకుంటున్నట్టున్నాడు.

"కింద నెమ్మదిగా చదివిందేమో," అన్నాడు మాస్టారు. "సరే, ఎందుకీ రభస? టోపీ పాపకే ఇచ్చేస్తా. ఇదిగో తీసుకో తల్లీ."

నత్త చేతులు వెనక్కి కట్టుకుంది. "నాకొద్దు మాస్టారూ. నేను ఒకటీ ఇరవై ఏడే."

టోపీ ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఊపిరి పందెం ఇక లేదని మీ నోటితో చెప్పండి," అంది ఈలక్క. "అప్పుడు పొడుగు ఈల వేస్తా."

ఆయన చెప్పలేదు. గడియారం ముల్లు తిరుగుతూనే ఉంది. పిల్లలు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. నిమిషం, రెండు, మూడు. ఈలక్క నిచ్చెన ముందునుంచి కదల్లేదు. చివరికి కదిలింది మీసాలాయన కొడుకు. వెళ్ళి తన ఇటుక గోడ పక్క అరలో పెట్టి వచ్చాడు. వెనకే ఇంకో పిల్ల. తర్వాత ఇద్దరు. తర్వాత అందరూ. అర నిండింది.

ఈలక్క మాస్టారు వైపు చూసింది. ఆయన ఇక చెప్పడు. "చూశారుగా మాస్టారూ," అంది. "పందెం కట్టడానికి మీ దగ్గర ఎవరూ లేరు."

ఒక పొడుగు ఈల వేసింది.

నత్త బట్టలు మార్చుకుని వచ్చి అందరితో పాటు దిగింది. ఎప్పటిలాగే వెనకబడింది. మూడు బారలకి ఒకసారి తల తిప్పి, నోరారా ఊపిరి పీలుస్తూ, నీళ్ళన్నీ తనవే అన్నట్టు తీరిగ్గా ఈదింది. మిగతావాళ్ళు టవళ్ళు చుట్టుకునే వేళకి సగం కొలను మిగిలే ఉంది.

కార్యదర్శి కుర్చీ కిందికి వచ్చి నిలబడ్డాడు. "రేపు కమిటీ కూర్చుంటుంది. నీ సంగతి తేలుస్తారు."

"పుస్తకం కూడా తీసుకెళ్ళండి సార్. పేజీ ఉందో లేదో చూసుకుని మరీ." కొలను మీంచి చూపు తిప్పకుండానే అంది. "కింద టైలరమ్మ సంతకం కూడా పెట్టింది, ఇందాకే."

నత్త చివరి బార వేసి గోడ ముట్టుకుంది. మెట్ల మీంచి వంగిన కత్తెరతో టైలరమ్మ కమ్మీ మీద ఒక్క దెబ్బ కొట్టింది.

"వినపడిందా?" అని అరిచింది.

నత్త తల పైకెత్తి, నీళ్ళు ఊది, "వినపడింది!" అని అంతకన్నా గట్టిగా అరిచింది.

ఈలక్క నీళ్ళలో మిగిలిన తలలు లెక్కపెట్టింది. ఒక్కటే ఉంది. అది బయటికి వచ్చేదాకా కుర్చీ దిగలేదు.